పెద్ద బాయి కాలువ: తయారుచేసిన భాషల్లో మాటల పొందిక

భాష తనంతట తాను పుట్టి పెరగవలసిందే గాని, ఒకరు కూర్చుని కాగితం మీద కట్టేది కాదని మనలో చాలామంది అభిప్రాయం. కాని అలా కట్టినవాళ్లు ఉన్నారు. ఒకరిద్దరు కాదు, వందలమంది. మన తెలుగు సినిమా కోసం కూడా ఒక భాష తయారయింది. 2015లో వచ్చిన "బాహుబలి" మొదటి భాగంలో కాలకేయులు మాట్లాడే కిలికి అదే. కాలకేయ రాజు ఇంకోషి వేషంలో ప్రభాకర్ ఆ మాటలు పలుకుతుంటే హాలులో సగంమంది అవి నోటికొచ్చిన అరుపులనుకున్నారు. కాని దాని వెనుక మదన్ కార్కి అనే తమిళ రచయిత కూర్చిన సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయి. "మిన్" అంటే నేను, "నిమ్" అంటే నువ్వు. ఒకదాన్ని తిరగేస్తే రెండోది వస్తుంది. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, ఆ భాషను అందరికీ నేర్పే ఏర్పాటు కూడా చేశారు.

మా హాస్టల్లో నలుగురైదుగురికి ఇప్పటికీ కిలికి పిచ్చి ఉంది. వాళ్లకు తెలిసినవన్నీ విడి మాటలే. మాటలు ఎన్ని నేర్చినా భాష రాదని, పేరు చుట్టూ తక్కిన మాటలు ఎట్లా చేరుతాయో తెలిస్తేనే అది వచ్చినట్టని నా వాదన. దీనికి రుజువు మన చిన్ననాటి క-భాషలోనే ఉంది. ప్రతి అక్షరం ముందు "క" పెట్టి మాట్లాడడం ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఎరిగిందే. "పెద్ద బాయి" అనడానికి "కపెకద్ద కబాకయి" అంటాం. మా ఊళ్లో మేము ఆ భాషలో రహస్యాలు చెప్పుకుంటుంటే మా అమ్మ రెండు రోజుల్లో కనిపెట్టేసింది. ఎందుకంటే అక్కడ మారింది చప్పుడు మాత్రమే. ఏ మాట ముందు రావాలి, ఏది వెనుక రావాలి, "కు" ఎక్కడ తగలాలి, "లు" ఎక్కడ తగలాలి అన్నదంతా తెలుగే. తెలుగులోని మాటలన్నీ తీసేసి వాటి స్థానంలో కొత్తవి పెట్టినా, అతుకులు అవే ఉంటే అది వేషం వేసుకున్న తెలుగే అవుతుంది.

ఆ అతుకులను చూడడానికి మంచి చోటు నామ పదబంధం. పేరు పెద్దదిగా ఉందని భయపడనక్కర లేదు. "ఆ మూడు నల్ల ఎడ్లు" అన్నామనుకోండి. ఇందులో ఇంటిపెద్ద "ఎడ్లు". "ఆ", "మూడు", "నల్ల" అన్నవి ఆ పెద్దను ఆనుకుని బతికే మాటలు. ఈ సంసారం మొత్తం వాక్యంలో ఒకే మాటలా నడుస్తుంది. దీన్నే నామ పదబంధం అంటారు.

తెలుగులో ఇంటిపెద్ద ఎప్పుడూ వెనుక నడుస్తాడు. బలగమంతా ముందు. "నిన్న సంతలో మా నాయిన కొన్న ఆ మూడు నల్ల ఎడ్లకు" అంటే ఎనిమిది మాటలు ముందు నడిచి ఎడ్లు చివర వచ్చాయి. "కు" ఒక్కసారే, పెద్దమాటకే తగిలింది. "మూడుకు నల్లకు ఎడ్లకు" అనం. ఇది చాలా పొదుపైన పద్ధతి. లెక్క చెప్పడంలో మాత్రం పొదుపు లేదు. ఎడ్లయితే మూడు, కూలీలయితే ముగ్గురు. పశువుకూ మనిషికీ తేడాను అంకెలోనే చూపిస్తాం.

ఇంకొక విశేషం ఉంది. ఒక పేరు ఇంకొక పేరును ఆనుకునేటప్పుడు కొన్ని మాటలు రూపు మార్చుకుంటాయి. ఇల్లు, కాని ఇంటి వాసం. ఏరు, కాని ఏటి ఇసుక. చేయి, కాని చేతి కర్ర. నాగలి, కాని నాగటి కర్రు. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ ఇ, టి, తి వర్ణాలకు ఔపవిభక్తికాలని పేరు పెట్టాడు. ఇంటర్‌లో ఈ మాట వినగానే తరగతిలో సగంమందికి నిద్ర వచ్చేది. కాని బడి గడప తొక్కని మా నాయినమ్మ "ఏరు ఇసుక" అని ఒక్కనాడూ అనలేదు, "ఏటి ఇసుక" అనే అన్నది. కొత్తగా భాష తయారుచేసేవాడు ఇటువంటివన్నీ ముందుగా కూర్చుని తేల్చుకోవాలి. పెద్దమాట ముందా వెనుకా? బహువచనం ఒక్కచోటనా, అన్నిచోట్లనా? మనిషికీ పశువుకూ తేడా ఉంచాలా వద్దా?

వీళ్లందరిలో ఎక్కువ పేరు పడ్డవాడు జామెన్‌హాఫ్. 1859లో బియాలిస్తోక్ పట్నంలో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యంలోనిది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యూదులు, పోలండ్‌వాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఒకే ఊళ్లో ఉండి ఒకరి మాట ఒకరికి పట్టక కొట్టుకునే చోటు. వృత్తికి కంటి డాక్టరు. అందరికీ రెండో భాషగా ఉండాలని ఒక భాష కట్టి 1887లో వార్సాలో చిన్న పుస్తకం వేశాడు. "ఆశ పెట్టుకున్నవాడు" అని అర్థం వచ్చే మారుపేరు పెట్టుకున్నాడు. ఆ పేరే భాషకు స్థిరపడింది: ఎస్పరాంతో. దాని వ్యాకరణం 16 సూత్రాలు.

ఎస్పరాంతోలో పేర్లన్నీ "ఓ"తో, విశేషణాలన్నీ "ఆ"తో ముగుస్తాయి. "లా గ్రాండా డోమో" అంటే పెద్ద ఇల్లు. ఇండ్లు చాలా అయితే "లా గ్రాండాయ్ డోమోయ్". "పెద్ద ఇండ్లను చూస్తున్నాను" అనాలంటే "మి విడాస్ లా గ్రాండాయ్‌న్ డోమోయ్‌న్". బహువచనం రెండుచోట్లా తగిలింది, మన "ను" వంటి ప్రత్యయమూ రెండుచోట్లా తగిలింది. సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు. నీలం కమలం, నీలాని కమలాని. తెలుగువాడికి మాత్రం ఇది దుబారాగా కనబడుతుంది. ఒక ఇల్లయినా పది ఇండ్లయినా మనకు "పెద్ద" అన్నది "పెద్ద"గానే ఉంటుంది.

దుబారా అని కొట్టిపారేయడానికి లేదు. ఆ ఖర్చుతో ఎస్పరాంతో కొనుక్కున్నది స్వేచ్ఛ. "గ్రాండా డోమో" అన్నా, "డోమో గ్రాండా" అన్నా ఒకటే. ఎవరు ఎవరి మనిషో తోకలే చెబుతాయి. తెలుగులో "ఇల్లు పెద్ద" అని తిప్పితే పదబంధం చెడి "ఇల్లు పెద్దది" అనే వాక్యం వైపు పోతుంది. మన విశేషణానికి తోక లేదు కాబట్టి దాని స్థానమే దాని గుర్తు. అది స్థానం వదిలితే గుర్తు పోతుంది.

ఇక "లా" సంగతి. ఇది ఇంగ్లీషులోని "ది" వంటిది. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన మా వంటివాళ్ల ప్రాణం తీసేది ఈ "ది" ఒక్కటే. మెదక్‌లో "చర్చి కాడికి రా" అంటే ఏ చర్చి అని అడిగేవాడు లేడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ పెద్ద చర్చి ఊరికంతటికీ ఒక్కటే, దానికి ముందు "ది" తగిలించే పని లేదు. జామెన్‌హాఫ్ ఈ కష్టం ఎరిగినవాడు. పోలిష్‌లో, రష్యన్‌లో కూడా "ది" లేదు మరి. అందుకే తన మొదటి సూత్రం కిందనే, ఇది కష్టమైనవారు మొదట్లో దీన్ని వాడకపోయినా ఫరవాలేదని రాసిపెట్టాడు. మన పరీక్ష పేపర్లు దిద్దేవారికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును. తెలుగులో ఆ పనికి వేరే దారి ఉంది. "పొలం అమ్మిండు" అంటే ఏదో పొలం అమ్మకం జరిగింది. "పొలాన్ని అమ్మిండు" అంటే మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న ఆ పొలమే పోయింది. రెండో వాక్యం వినేవాడి గుండె ముందుగా కలుక్కుమంటుంది.

అన్ని భాషలూ లోకకల్యాణానికే పుట్టలేదు. అమెరికాలో మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1984 నాటి "స్టార్ ట్రెక్" సినిమా కోసం క్లింగాన్ అనే భాష కట్టాడు. 1985లో దాని నిఘంటువు వచ్చింది. వినేవాడికి పరాయిగా ఉండాలన్నది దాని ఉద్దేశం. చిత్రమేమిటంటే తెలుగువాడికి అందులో కొన్ని సంగతులు ఇంటివే. బహువచనానికి మూడు ప్రత్యయాలు ఉన్నాయి: మాట్లాడే ప్రాణులకు ఒకటి, శరీరంలోని అవయవాలకు ఒకటి, తక్కినవాటికి ఒకటి. మన ముగ్గురికీ మూడుకీ ఉన్న తేడా వంటిదే గదా! పైగా ఆ బహువచన ప్రత్యయం పెట్టకపోయినా తప్పు లేదు. దానికీ మన దగ్గర పోలిక దొరుకుతుంది. 1591 నాటి చార్మినార్ పేరులో మినార్లు నాలుగు, అయినా "మినార్" ఏకవచనమే. "చార్" అన్నాక మళ్లీ బహువచనం ఎందుకని ఫార్సీ వ్యాకరణం ఊరుకుంటుంది.

ఇప్పుడు నేను ఈ విషయంలోకి ఎందుకు దిగానో చెప్పాలి. మా తాత పోకముందు మా నాయినకూ చిన్నాయినకూ పొలం పంచి కాగితం రాయించాడు. మా చెల్కల్లో రెండు బావులు. ఒకటి పెద్ద బాయి, దానికి ఒకటే కాలువ. రెండోదాన్ని ఊరికే బాయి అంటాం. దానికి రెండు కాలువలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కాగితంలో నాయిన వాటాకు తూర్పు హద్దు "పెద్ద బాయి కాలువ" అని ఉంది. తాత ఉన్నన్నాళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన పోయిన రెండో ఏడు నాట్లప్పుడు వచ్చింది. నాయిన దాన్ని "పెద్ద బాయికి ఉన్న కాలువ" అని చదివాడు. చిన్నాయిన "బాయికి ఉన్న పెద్ద కాలువ" అని చదివాడు. రెండు కాలువల నడుమ ఎనిమిది గుంటల మడి.

"చదువుకుంటున్నవు గదరా, నువ్వు చెప్పు. ఏది కరెక్టు?" అని చిన్నాయిన నన్నే అడిగాడు.

"రెండూ కరెక్టే చిన్నాయినా" అన్నాను.

"గట్లెట్లుంటది? తాత రెండు తీర్ల చెప్తడా?"

తాత ఒక్క తీరుగానే చెప్పి ఉంటాడు. నోటితో అన్నప్పుడు "పెద్దబాయి" దగ్గర ఒక చిన్న ఆపు గాని, "పెద్ద" దగ్గర ఒక ఒత్తు గాని ఉండి ఉంటుంది. కాగితం మీద ఆపూ లేదు, ఒత్తూ లేదు. రాసిన మనిషి కూడా బతికి లేడు. లెక్కల విద్యార్థిగా నాకు అది వ్యాకరణంలాగా కాదు, బ్రాకెట్లు లేని లెక్కలాగా కనబడింది. ఆరులోంచి రెండు తీసి, అందులోంచి ఒకటి తీస్తే మూడు. అదే రెండులోంచి ఒకటి ముందు తీసి, మిగిలినదాన్ని ఆరులోంచి తీస్తే అయిదు. అంకెలు అవే, వరుస అదే. బ్రాకెట్టు ఎక్కడ పడిందన్నదే తేడా. (పెద్ద బాయి) కాలువ, పెద్ద (బాయి కాలువ). మూడు మాటలుంటే రెండు రకాలు. నాలుగు మాటలుంటే అయిదు రకాలు. అయిదు మాటలుంటే పద్నాలుగు. గణితంలో వీటిని కాతలాన్ సంఖ్యలంటారు. అన్నిటికీ అర్థం ఉండకపోవచ్చు, కాని పొలం కాగితానికి రెండు చాలు.

ఎస్పరాంతోలో అయితే ఈ తగాదా పుట్టదు. "లా కనాలో దె లా గ్రాండా పుటో" అంటే పెద్ద బాయి యొక్క కాలువ. "లా గ్రాండా కనాలో దె లా పుటో" అంటే బాయి యొక్క పెద్ద కాలువ. నడుమ ఉన్న "దె" గోడలా నిలబడి "పెద్ద"ను ఒక పక్కనే ఉంచుతుంది.

ఇంకా సూటిగా ఆలోచించింది కెనడాకు చెందిన సోన్యా లాంగ్. ఆమె 2001లో బయటపెట్టిన టోకీ పోనాలో మొత్తం మాటలు 120కి అటూ ఇటూ. "మంచి మాట" అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. అంత కొద్ది మాటలతో లోకమంతా చెప్పాలంటే మాట పక్కన మాట పేర్చుకుంటూ పోవాలి. పెద్దమాట మనకు ఎదురుగా మొదట వస్తుంది, బలగం వెనుక వస్తుంది. తోమో అంటే ఇల్లు, తేలో అంటే నీళ్లు, నాసా అంటే వింత, తిక్క. "తేలో నాసా" అంటే తిక్క నీళ్లు, అంటే కల్లో సారాయో. ఇప్పుడు "తోమో తేలో నాసా" అంటే ఏమిటి? సూత్రం ప్రకారం మొదటి రెండూ ముందు కలుస్తాయి: నీళ్ల ఇల్లు, అంటే స్నానాల గది, అది వింతది. మరి కల్లు దుకాణం అనాలంటే? అందుకు "పి" అని ఒక మాట ఉంది. "తోమో పి తేలో నాసా". "పి"కి సొంత అర్థం దాదాపు ఏమీ లేదు. దాని వెనుక ఉన్నవాటిని ముందు కలుపుకో అని చెప్పే బ్రాకెట్టు అది. 120 మాటల్లో ఒకదాన్ని ఈ పనికే కేటాయించిందంటే ఆ పని ఎంత అవసరమో చూడండి.

మా హద్దును ఆ భాషలో రాసి చూశాను. బాయికి మాట లేదు, "లూపా తేలో" అనాలి, నీళ్ల గుంత. కాలువకూ మాట లేదు, "నాసిన్ తేలో" అనాలి, నీళ్ల దారి. "సూలి" అంటే పెద్ద. నాయిన వాదన "నాసిన్ తేలో పి లూపా తేలో సూలి". చిన్నాయిన వాదన "నాసిన్ తేలో సూలి పి లూపా తేలో". "సూలి" ఎక్కడ నిలబడిందో చూస్తే మడి ఎవరిదో తెలిసిపోతుంది. అయితే ఇందులో ఒక కష్టం ఉంది. నీళ్ల గుంత అంటే బావే కానక్కర లేదు, కుంట కావచ్చు, వాన నిలిచిన గోయి కావచ్చు. కూర్పులో తగాదా తీరితే మాటలో తగాదా మొదలవుతుంది. బావికీ కుంటకీ తేడా లేని భాషలో మా ఊళ్లో వ్యవసాయం సాగదు.

అనుమానానికి అసలు చోటే ఉండకూడదని పంతం పట్టినవాళ్లూ ఉన్నారు. 1955లో జేమ్స్ కుక్ బ్రౌన్ మొదలుపెట్టిన లోగ్లాన్, దాని నుంచి 1987లో వేరుపడి పెరిగిన లోజ్బాన్ ఆ తరహావి. లోజ్బాన్‌లో మాటలు వరుసగా పేరిస్తే ఎడమవైపువి ముందు కలుస్తాయి, ఇది స్థిరమైన సూత్రం. వేరేగా కలవాలంటే నడుమ "బో" అనే చిన్న మాట వేయాలి. మా కాగితం లోజ్బాన్ సూత్రంతో చదివితే, నడుమ ఏ గుర్తూ లేదు కాబట్టి (పెద్ద బాయి) కాలువే అవుతుంది, మడి నాయినకే వస్తుంది. చిన్నాయినకు ఈ సంగతి నేను చెప్పలేదు.

తెలుగుకు ఆ బ్రాకెట్టు లేదా అంటే, ఉంది. పదం రూపంలో కాదు, క్రియ రూపంలో ఉంది. "పెద్ద బాయి నుంచి పారే కాలువ", "బాయికి ఉన్న పెద్ద కాలువ". పారే, ఉన్న అనే ఈ క్రియాజన్య విశేషణాలు నడుమ నిలబడి ఎవరి వాటా వారికి చూపిస్తాయి. ఒక పూర్తి వాక్యాన్ని మడిచి పేరు ముందు పెట్టే ఈ పద్ధతి మన భాష బలం. ఎస్పరాంతో "ఎడ్లు, వేటినైతే నేను నిన్న కొన్నానో అవి" అన్నట్టుగా "లా బోవోయ్, కియుయ్‌న్ మి అచేతిస్ హియెరావ్" అని చుట్టు తిరిగి వస్తే, మనం "నిన్న కొన్న ఎడ్లు" అని మూడు మాటల్లో తేలుస్తాం. కాని ఇక్కడ కూడా ధర కట్టవలసిందే. "కొట్టిన మనిషి" అంటే కొట్టినవాడా, దెబ్బలు తిన్నవాడా? ఎస్పరాంతోలో "కియు" అంటే కొట్టినవాడు, "కియున్" అంటే దెబ్బలు తిన్నవాడు. ఆ ఒక్క "న్"ను దుబారా అని ముందు అనుకున్నాం గదా, పోలీసు స్టేషన్‌లో అది చాలా విలువైనది.

మా మడి సంగతి పెద్దమనుషుల దాకా పోయింది. వాళ్లు కాగితాన్ని మూడుసార్లు చదివించుకుని, నాలుగేసి గుంటలు చెరి సగం అన్నారు. కొత్త కాగితం నన్ను రాయమన్నారు. "పెద్ద బాయి నుంచి తూర్పు మడులకు పారే కాలువకు పడమటి గట్టు నుంచి" అని మొదలుపెట్టాను. ఒక హద్దుకే నాలుగు వరుసలు వచ్చింది. చిన్నాయిన చూసి "ఇంత పొడుగెందుకురా?" అన్నాడు గాని సంతకం పెట్టాడు.

ఇక చదువరులకు ఒక చిన్న లెక్క. "కొత్త కెమిస్ట్రీ లెక్చరర్ గది." నాలుగు మాటలు కాబట్టి అయిదు రకాలుగా కలపవచ్చు. కొత్తది గదా, లెక్చరర్ గారా, కెమిస్ట్రీయా? మొదటి రెండింటితో మనకు ఇబ్బంది లేదు. మూడోదయితే మాత్రం నోట్సు మళ్లీ రాసుకోవాలి.